ఆర్సీ కారుకి ఫ్యాన్ డ్రైవ్: పెద్ద మోటారు కొనే ముందు తూకం తీసుకోండి

మీ ప్రశ్న సారాంశం ఇదీ: అసలు కారులో పదో వంతు సైజున్న ఆర్సీ (రిమోట్‌తో నడిపే) కారు ఆన్‌రోడ్ ఛాసిస్ మీద 64 ఎం.ఎం. ఈడీఎఫ్, అంటే గొట్టంలో తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాన్, బిగించారు. 4ఎస్ (నాలుగు సెల్‌ల, 14.8 వోల్టుల) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, 60 ఆంపియర్ల విమానం ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే సర్క్యూట్), పిస్టల్ రిమోట్ వాడుతున్నారు. బండి మొత్తం 1.9 కిలోలు. ఫ్యాన్ పెట్టె మీద కిలో థ్రస్ట్ (తోసే బలం) అని ఉంది. డాబా మీద నెమ్మదిగా కదులుతోంది, కాలనీ రోడ్డు మీదైతే ఉన్నచోటే ఉండి అరుస్తోంది. వెనక్కి రావడానికి పనికొస్తుందని పాత వీల్ మోటారునీ గేర్లనీ అలాగే ఉంచారు. ఇప్పుడు ఇంకా పెద్ద మోటారు వేయాలా, 70 ఎం.ఎం. ఫ్యాన్‌కి మారాలా అని అడిగారు.

రెండూ వద్దు. ఎందుకో చెప్పేముందు, మీరు ప్రశ్న చివర్లో మామూలుగా చెప్పి వదిలేసిన ఒక మాట దగ్గర ఆగాలి. "ట్రిగ్గర్‌ని బ్రేక్ వైపు తోస్తేనే ఈఎస్‌సీ బీప్ కొడుతోంది, వదిలేస్తే ఫ్యాన్ దానంతట అదే తిరుగుతోంది" అన్నారు. ఇది సరిచేసేదాకా ఆ బండికి బ్యాటరీ తగిలించకండి. పిస్టల్ రిమోట్‌లో ట్రిగ్గర్ వదిలేస్తే సిగ్నల్ మధ్యలో, 1500 మైక్రోసెకన్ల దగ్గర నిలుస్తుంది. కారు ఈఎస్‌సీకి అది సున్నా. విమానం ఈఎస్‌సీకి సున్నా అంటే 1000, నిండు థ్రాటిల్ అంటే 2000. కాబట్టి మీరు చెయ్యి తీసేసిన ప్రతిసారీ అది సగం థ్రాటిల్ అనుకుంటోంది. బండి చేజారితే మనిషి మొదట చేసే పని ట్రిగ్గర్ వదిలేయడమే కదా.

దీనికి రెండు దారులున్నాయి. ఫ్యాన్ రోటర్ (బ్లేడ్లున్న చక్రం) విప్పేసి, ఈఎస్‌సీని మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి: ట్రిగ్గర్ పూర్తిగా లాగిపట్టి బ్యాటరీ తగిలించి, బీప్ వచ్చాక ట్రిగ్గర్‌ని మధ్యకి వదిలేయండి. చాలా ఈఎస్‌సీలు ఆ మధ్య స్థానాన్నే సున్నాగా ఒప్పుకుంటాయి. కొన్ని మాత్రం రేంజ్ మరీ తక్కువైందని తిరస్కరిస్తాయి. అప్పుడు రెండో దారి: సెన్సర్ లేని బ్రష్‌లెస్ మోటారును నడిపే కారు ఈఎస్‌సీ తెచ్చి, రివర్స్ తీసేసి, ముందుకూ బ్రేకూ మాత్రమే ఉండే మోడ్‌లో పెట్టడం. దానికి 4ఎస్ తట్టుకునే శక్తి ఉందో లేదో చూసి కొనండి. పదో వంతు బండ్లకి వచ్చే చాలా ఈఎస్‌సీలు 3ఎస్ దగ్గరే ఆగిపోతాయి. ఏ దారి పట్టినా రిసీవర్ ఫెయిల్‌సేఫ్‌ని (సిగ్నల్ తెగితే ఏం చేయాలన్న అమరికని) సున్నా థ్రాటిల్ దగ్గర పెట్టి, బండిని తాడుతో కట్టేసి, నడుస్తుండగా రిమోట్ ఆపి చూడండి. ఫ్యాన్ ఆగాలి. ఆగకపోతే ఆ బండి గుమ్మం దాటకూడదు.

ఇక అసలు సంగతి. 1.9 కిలోల బండిని నిజంగా కిలో బలంతో తోస్తే అది రెండు మూడు సెకన్లలో గంటకు 36 కి.మీ. అందుకోవాలి. మీది కదలడానికే మొరాయిస్తోందంటే, ఫ్యాన్ ఆ కిలో ఇవ్వడం లేదు, లేదా బండిని ఏదో వెనక్కి పట్టి ఉంచుతోంది. మీ వర్ణన చూస్తే రెండూ జరుగుతున్నట్టున్నాయి. ఊహించాల్సిన పని లేదు. ప్రయాణాల్లో సూట్‌కేసు తూచుకునే డిజిటల్ కొక్కెం తూకం ఒకటి చాలు.

మొదట బ్యాటరీ తీసేసి, తూకాన్ని ముందు బంపర్‌కి తగిలించి, బండిని సమవేగంతో నెమ్మదిగా లాగండి. చక్రాలు స్వేచ్ఛగా తిరిగే బండి అయితే నున్నటి సిమెంటు మీద 50 నుంచి 80 గ్రాములు చూపిస్తుంది. మీ బండిలో వీల్ మోటారు గేర్లకి తగిలే ఉంది కాబట్టి 300 దాటినా నేను ఆశ్చర్యపోను. బ్రష్ మోటారులో అయస్కాంతాలు రోటర్‌ని పళ్లుపళ్లుగా పట్టుకుంటాయి. షాఫ్ట్‌ని వేళ్లతో తిప్పితే తెలుస్తుంది. ఆ కొద్దిపాటి పట్టు గేర్ల గుండా చక్రం దగ్గరికొచ్చేసరికి ఏడెనిమిది రెట్లవుతుంది. దానికి తోడు ఆ మోటారు ఈఎస్‌సీకి కరెంటు ఉండి, డ్రాగ్ బ్రేక్ (ట్రిగ్గర్ వదలగానే దానంతట అదే పట్టే బ్రేక్) ఆన్‌లో ఉందా, ఇక చెప్పక్కర్లేదు. పినియన్ (మోటారు షాఫ్ట్ మీది చిన్న గేరు) విప్పేసి మళ్లీ లాగి చూడండి. సగం జబ్బు అక్కడే పోవచ్చు.

రెండో తూకం ఫ్యాన్‌ది. తూకాన్ని వెనక బంపర్‌కి కట్టి, రెండో కొసని కదలనిదానికి బిగించి, నున్నటి నేల మీద మూడు నాలుగు సెకన్లు నిండు థ్రాటిల్ ఇవ్వండి. అదే సమయంలో బ్యాటరీ దగ్గర వోల్టేజీ ఎంతకి దిగుతోందో వాట్‌మీటర్‌లో చూడండి. ఫ్యాన్ వేగం దాదాపుగా వోల్టేజీని బట్టి ఉంటుంది, థ్రస్ట్ ఆ వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 14.8 వోల్టుల దగ్గర కిలో ఇచ్చే ఫ్యాన్ 12.8 దగ్గర 750 గ్రాములే ఇస్తుంది. 64 ఎం.ఎం. ఫ్యాన్ 4ఎస్ మీద సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. 2200 ఎంఏహెచ్ ప్యాక్‌కి అది 20సీ (సామర్థ్యపు అంకెకి 20 రెట్ల కరెంటు) కన్నా ఎక్కువ. ప్యాక్ మీద 40సీ అని అచ్చేసినంత మాత్రాన అది ఇవ్వగలదని కాదు. చవక ప్యాకుల మీద సీ అంకె కోరిక మాత్రమే. ఇంకో అనుమానం: వోల్టేజీ మరీ కిందకి జారితే ఈఎస్‌సీ బ్యాటరీని కాపాడటానికి తనే పవర్ తగ్గించేస్తుంది. ఫ్యాన్ మొదట కీచుమని, రెండు సెకన్లకి స్వరం దిగిపోతే కారణం ఇదే.

గాలి లోపలికి పోయే దారి కూడా చూసుకోండి. ఫ్యాన్ ముందుండే గుండ్రటి అంచు రింగు బిగించారా? పదునైన అంచు మీదుగా మలుపు తిరగలేక గాలి గోడ నుంచి విడిపోతుంది, బ్లేడ్ల కొసలకి సరిగా అందదు. మీరు పంపిన ఫొటోలో ఫ్యాన్ నోటికి నాలుగు వేళ్ల దూరం కూడా లేకుండా బ్యాటరీ నిలబెట్టి ఉంది. నోటి ముందు కనీసం ఒక ఫ్యాన్ వ్యాసమంత ఖాళీ వదలండి. వెనక గొట్టం పెట్టదలిస్తే, నిష్క్రమణ వైశాల్యం ఫ్యాన్ ఊడ్చే వైశాల్యంలో 90 శాతం కన్నా తగ్గించకండి. ఇరుకు గొట్టం విమానానికి గరిష్ఠ వేగంలో పనికొస్తుంది, నిల్చున్న కారుకి కాదు.

ఇక పెద్ద మోటారు గురించి. అదే వ్యాసంలో ఫ్యాన్ థ్రస్ట్‌ని రెట్టింపు చేయాలంటే పవర్ రెట్టింపు చేస్తే చాలదు, 2.8 రెట్లు కావాలి. అంటే 45 ఆంపియర్లు పోయి అదే వోల్టేజీ దగ్గర 125 దాటుతాయి. ఆ కరెంటుకి తగ్గ ప్యాకూ ఈఎస్‌సీ పెడితే బండి బరువు కూడా పెరుగుతుంది. పవర్ అంతే ఉంచి థ్రస్ట్ పెంచే దారి వ్యాసం పెంచడమే, అయితే 64 నుంచి 70కి పెరిగే ఆ కాస్త చాలదు. కొంచెం గాలిని విపరీతమైన వేగంతో వెనక్కి కొట్టడం కన్నా ఎక్కువ గాలిని నిదానంగా తోయడం చవక. ఊదుగొట్టంతో పొయ్యి ఊదడానికీ విసనకర్రతో విసరడానికీ ఉన్నంత తేడా ఇది.

అంకెల్లో చూద్దాం. కిలో థ్రస్ట్ దగ్గర 64 ఎం.ఎం. ఈడీఎఫ్ గాలిని సెకనుకు 55 మీటర్ల వేగంతో వదులుతుంది. మీ బండి సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంటే, గాలిలోకి పోయిన శక్తిలో 30 శాతం మాత్రమే బండికి దక్కుతుంది, మిగిలింది వెనక గాలికి పోతుంది. మన దగ్గర డ్రోన్ కిట్లలో దొరికే ఏ2212 1000 కేవీ (వోల్టుకి నిమిషానికి 1000 చుట్లు) మోటారుకి పది అంగుళాల 1045 ప్రొపెల్లర్ పెడితే 3ఎస్ మీద 800 గ్రాముల దాకా ఇస్తుంది. లాగేది 14 ఆంపియర్ల దరిదాపు. గాలి వదిలే వేగం సెకనుకు 16 మీటర్లే. హైదరాబాద్‌లో ఉంటే ఆ మోటారు కోసం కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగి చూడండి. 2200 ఎంఏహెచ్ ప్యాక్ మీద ఈడీఎఫ్ నిండు థ్రాటిల్‌లో రెండున్నర నిమిషాలు కూడా రాదు. ఈ ప్రొపెల్లర్ అయితే 2200 ఎంఏహెచ్ 3ఎస్ ప్యాక్ మీద ఏడు నిమిషాలు ఇస్తుంది.

అలా అని ప్రొపెల్లరే ఎప్పుడూ మేలని కాదు. 1045లో 45 అంటే ఒక చుట్టుకి 4.5 అంగుళాలు ముందుకు పోవాలని లెక్క. నిమిషానికి 7,500 చుట్లు తిరిగితే అది గంటకు 51 కి.మీ. అవుతుంది. బండి ఆ వేగానికి దగ్గరవుతున్న కొద్దీ థ్రస్ట్ కరిగిపోతుంది. గంటకు 40 దాకా బాగా లాగి, తర్వాత నీరసపడుతుంది. ఈడీఎఫ్‌కి ఆ బాధ లేదు, 80 దగ్గర కూడా తోస్తూనే ఉంటుంది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మీకు ఏ వేగం కావాలన్నది. కాలనీ రోడ్డు మీద చురుగ్గా కదిలే బండి కావాలంటే ప్రొపెల్లర్. ఖాళీ రన్‌వే లాంటి పొడవైన చోటు ఉండి, మెల్లగా ఎత్తుకున్నా ఫరవాలేదు చివరి వేగం కావాలంటే ఈడీఎఫ్. మీరు వర్ణించిన రోడ్డుకి నా ఓటు ప్రొపెల్లర్‌కే.

(స్కూలు సైన్స్ ఎగ్జిబిషన్లలో కంప్యూటర్ కూలింగ్ ఫ్యాన్ పెట్టిన బండ్లు కనిపిస్తుంటాయి. ఆ 120 ఎం.ఎం. ఫ్యాన్ థ్రస్ట్ మహా అయితే 30 గ్రాములు. అట్టముక్క మీద చక్రాలకి సరిపోతుంది, ఈ బరువుకి కాదు.)

ప్రొపెల్లర్ పెట్టగానే కొత్త తలనొప్పి మొదలవుతుంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. పది అంగుళాల ప్రొపెల్లర్ నేలకి, ఛాసిస్‌కి తగలకుండా తిరగాలంటే దాని ఇరుసు నేల నుంచి 17 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. బండి గరిమనాభి మాత్రం 4 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. చక్రాలతో తోసే బండిలో బలం నేల దగ్గర పడి ముక్కు లేస్తుంది. ఇక్కడ బలం పైన పడి ముక్కు కిందకి వంగుతుంది. 800 గ్రాముల థ్రస్ట్, 13 సెంటీమీటర్ల ఎత్తు తేడా, 26 సెంటీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) పెట్టి లెక్క వేస్తే 400 గ్రాముల బరువు వెనక చక్రాల మీంచి ముందుకి జరుగుతుంది. ఈడీఎఫ్, పాత మోటారు తీసేశాక బండి 1.6 కిలోలనుకుంటే, దాని వెనక ఇరుసు మీద ఉండేదే 800. సగం పోయిందన్నమాట. స్టీరింగ్ భలే పదునుగా ఉన్నట్టు అనిపిస్తుంది, మలుపులో నిండు థ్రాటిల్ ఇవ్వగానే తోక తిరిగిపోతుంది.

దీనికి విరుగుడు బరువు జతచేయడం కాదు. బ్యాటరీని వెనక ఇరుసు పైకి జరపండి. మోటారుని వెనక ఇరుసుకి సూటిగా పైన నిలబెట్టి, గాలి వెనక్కీ కొంచెం పైకీ పోయేలా 10 డిగ్రీలు వంచండి. ముందుకు తోసే బలంలో ఒకటిన్నర శాతమే పోతుంది. బదులుగా 140 గ్రాముల బలం వెనక చక్రాలని కిందకి అదుముతుంది, థ్రస్ట్ గీత కూడా గరిమనాభికి దగ్గరవుతుంది. ఎనిమిది అంగుళాల ప్రొపెల్లర్‌కి దిగితే ఇరుసు ఇంకో రెండున్నర సెంటీమీటర్లు కిందకి వస్తుంది, ఆ మేరకి థ్రస్ట్ వదులుకోవాలి. ప్రొపెల్లర్ తిరిగే దిశకి ఎదురుగా బండి ఒక పక్కకి ఒరగాలని చూస్తుంది. ఈ సైజులో అలా ఒక పక్క చక్రాల మీదకి జరిగే బరువు 75 గ్రాములకి మించదు. సస్పెన్షన్‌లో ఒక పక్క స్ప్రింగ్ కాస్త బిగిస్తే చాలు. ఈడీఎఫ్‌లో ఫ్యాన్ వెనకుండే స్థిరమైన రెక్కలు ఆ మెలికని చాలావరకు సరిచేస్తాయి.

మోటారు స్తంభాన్ని అల్యూమినియం ఎల్-యాంగిల్‌తో చేయండి. త్రీడీ ప్రింట్ చేస్తే పీఎల్ఏ ప్లాస్టిక్ వద్దు, 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది, మన ఏప్రిల్ ఎండలో నల్లటి ముక్క ఆ వేడికి చేరడం కష్టమేమీ కాదు. పీఈటీజీ ప్లాస్టిక్ నయం. ఫ్యాన్ బ్లేడ్లు మాత్రం ఇంట్లో ప్రింట్ చేయొద్దు, ఏ ప్లాస్టిక్‌తోనూ. 64 ఎం.ఎం. ఫ్యాన్ నిమిషానికి 40,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక గ్రాము బ్లేడు తన మొదలుని సుమారు 40 కిలోల బలంతో బయటికి లాగుతుంది. పొరలు పొరలుగా అతికిన ముక్క ఎక్కడ విడిపోతుందో ఎవరూ చెప్పలేరు. కంపెనీ రోటర్ అయినా కారులో రాళ్లు పీల్చే ప్రమాదం ఉంది. నోటికి సన్న జాలీ పెట్టండి. ప్రొపెల్లర్‌కి చుట్టూ, ముందూ వెనకా గార్డు తప్పనిసరి, చిన్నపిల్లల వేలు దూరనంత సందు ఉండాలి. గార్డు వల్ల థ్రస్ట్ కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ పక్కన, అది తిరిగే తలంలో ఎవరినీ నిలబడనివ్వకండి. విరిగిన ముక్క ఎగిరేది అటే.

ఫ్యాన్ మోటారు దూరంగా ఉంటే పొడిగించాల్సింది మోటారు వైపు మూడు వైర్లని. బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య వైరు పొడుగు చేస్తే అందులో పుట్టే వోల్టేజీ కుదుపులు కెపాసిటర్లని తినేస్తాయి.

ఆపడం మిగిలింది. చక్రాల మోటారు తీసేస్తే బ్రేకూ రివర్సూ రెండూ పోతాయి, ఫ్యాన్ ఆగినా బండి జారుతూనే పోతుంది. జర్మనీలో ఫ్రాంజ్ క్రుకెన్‌బర్గ్ ప్రొపెల్లర్‌తో నడిచే రైలుపెట్టె ఒకటి తయారుచేశాడు. 1931 జూన్‌లో అది హాంబర్గ్–బెర్లిన్ దారిలో గంటకు 230 కి.మీ. అందుకుంది. అయినా రెండోది తయారవలేదు. జనం నిలబడే ప్లాట్‌ఫారాల పక్కన వెనక తెరిచి ఉన్న ప్రొపెల్లర్ ఒక సమస్య అయితే, అది ఇంకో పెట్టెని లాగలేకపోవడం మరో సమస్య. వేగం చాలక ఆగిపోయిన బండి కాదది. మన సైజులోనూ తోయడం సులువే, చుట్టూ మనుషులుండగా అదుపులో పెట్టడమే పని.

ఇంధనంతో నడిచే నైట్రో ఇంజిన్ ఆర్సీ బండ్లలో సెంటర్ షాఫ్ట్ మీద చిన్న డిస్క్ బ్రేక్ ఉంటుంది, దాన్ని ఒక సర్వో (రిమోట్ చెప్పినంత మేర తిరిగే చిన్న మోటారు) నొక్కుతుంది. మీది షాఫ్ట్ డ్రైవ్ ఛాసిస్ అయితే ఆ డిస్కూ ప్యాడ్లూ మీ షాఫ్ట్ మీదకి తెచ్చుకోవచ్చు. ఈఎస్‌సీకి మధ్య స్థానమే సున్నా అని నేర్పారు కాబట్టి, థ్రాటిల్ ఛానల్‌ని వై-కేబుల్‌తో రెండుగా చీల్చి ఒకటి ఈఎస్‌సీకి, ఒకటి బ్రేక్ సర్వోకి ఇవ్వండి. ట్రిగ్గర్ లాగితే ఫ్యాన్, ముందుకు తోస్తే డిస్క్. ట్రిగ్గర్ లాగినప్పుడు కూడా సర్వో తిరుగుతుంది కాబట్టి, అప్పుడు బ్రేక్ కడ్డీ ఖాళీగా జారేలా కాలర్ దగ్గర సందు వదలాలి. ఇంకో సర్వో చేరింది కనుక ఈఎస్‌సీలోని బీఈసీ (రిసీవర్‌కీ సర్వోలకీ కరెంటిచ్చే భాగం) మీద ఆధారపడకండి. అది లీనియర్ రకమైతే 4ఎస్ మీద ఒక ఆంపియర్‌కే పది వాట్ల వేడి పుట్టించి రిసీవర్‌ని ఆపేస్తుంది. 5 వోల్టులు, 3 ఆంపియర్ల స్విచింగ్ యూబీఈసీ (విడిగా దొరికే బీఈసీ) వేరుగా పెట్టి, ఈఎస్‌సీ నుంచి వచ్చే ఎర్ర వైరుని విడదీసి టేప్ చుట్టండి. రివర్స్ మాత్రం మర్చిపోండి. గోడకి గుద్దుకుంటే నడిచివెళ్లి తెచ్చుకోవడమే.

ఈ వారం మీరు చేయాల్సింది క్యాలిబ్రేషన్, పినియన్ విప్పడం, ఫ్యాన్ నోటి ముందు నుంచి బ్యాటరీ జరపడం, రెండు తూకాలు. ఒక్క రూపాయి ఖర్చు లేదు, తూకం, వాట్‌మీటర్ లేకపోతే వాటి ధర మాత్రమే. లాగుడు తూకం 100 గ్రాముల లోపు, థ్రస్ట్ తూకం 700 పైన వస్తే ఈ ఈడీఎఫ్‌తోనే బండి కాలనీ రోడ్డు మీద పరిగెత్తుతుంది. థ్రస్ట్ 500 దగ్గరే ఆగి, వోల్టేజీ 13 కిందకి పడిపోతుంటే ముందు మంచి ప్యాక్ అడిగి తెచ్చుకుని మళ్లీ తూచండి. వోల్టేజీ నిలబడినా థ్రస్ట్ రాకపోతే రోటర్ తలకిందులుగా బిగించారేమో, మోటారు వైర్లలో రెండు తారుమారై వెనక్కి తిరుగుతోందేమో చూడండి. వెనక్కి తిరిగే ఈడీఎఫ్ కూడా మోత బాగానే చేస్తుంది, పైగా బండిని వెనక్కే నెడుతుంది.